పిల్లలు పీల్చు విషము – పెద్దల కర్తవ్యము
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఇట్టి మహాసభలయందు సంఘచరిత్రమును గూర్చియో, విద్యానిధిని గూర్చియో, వివాహవ్యయములను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. కార్యదర్శిగారు నన్ను విద్యను గూర్చి మాటలాడుమని కోరిరి. ముప్పదియైదు సంవత్సరములు బడిపిల్లల నడుమ గడపినవాడనగుటచే అది నాకు సులభమైన పనియే. కాని విద్యను గ్రహింపవలసిన మనస్సునే చెఱచు ఆపద యొకటి మన గడపల వఱకు వచ్చియుండగా, దానిని విడిచి మఱియొకటి చెప్పుటకు నాకు నోరు రాలేదు. అధ్యక్షులవారి అనుమతితో ఆ ఆపదను గూర్చియే విన్నవించుకొందును.

మన పూర్వులు వ్యసనములు ఏడని లెక్కించిరి. స్త్రీలౌల్యము, జూదము, పానము, వేట, పరుషవాక్యము, కఠినదండనము, ధనమును దుర్వినియోగము చేయుట – ఇవి ఆ యేడు. నేను చెప్పబోవునది ఆ పట్టికలో లేదు. అది కొన్ని రసాయన పదార్థముల ఆవిరులను ముక్కుతోను నోటితోను పీల్చి మత్తుగొనుట. "మా తాతగారు పొడుము పీల్చలేదా? ఇదియు అట్టిదే గదా" అని కొందఱు నవ్వవచ్చును. పొడుము పొగాకు, అదియు చెడ్డదే. కాని ఈ ఆవిరులు పీల్చిన మొదటినాడే ప్రాణము తీయగలవు. ఈ భేదమును ముందుగా మనస్సునందుంచుకొనవలయును.

ఈ విషము కొఱకు ఎవ్వరును రహస్యపు టంగళ్ళకు పోనక్కఱలేదు. ఇది మన యిండ్లలోనే యున్నది. సైకిలు ట్యూబునకు అతుకువేయు సొల్యూషను, చెప్పులకును కొయ్యసామానునకును పూయు జిగురు, వ్రాతలోని తప్పులను కప్పు వైట్‌నరు, దానిని పలుచన చేయు ద్రవము, రంగులలో కలుపు థిన్నరు, వార్నీషు, పెట్రోలు, గోళ్ళరంగును తుడుచు ద్రవము, లైటరులో నింపు గ్యాసు, మీట నొక్కగానే బుస్సున చిమ్ము సెంటుడబ్బాలు – ఇవియే ఆ వస్తువులు. దేని పనికి అది ఉపయోగకరమైనదే. వీనిలోని టోలుయీను, అసిటోను, బ్యూటేను మొదలగు ద్రవ్యములు గాలి తగులగనే ఆవిరియగును. ఆ గుణమే వానిని పనికివచ్చునట్లు చేసినది. ఆ గుణమే పిల్లలకు శత్రువైనది.

ఆవిరి ఊపిరితిత్తులనుండి రక్తమునకును, రక్తమునుండి మెదడునకును క్షణములలో చేరును. త్రాగినవానికి కలుగునట్టి మైకమే కలుగును. అది కొలది నిమిషములలో దిగిపోవును. దిగిపోవుటచే పిల్లవాడు దానిని మరల మరల వెదకును. ఇట్లు నెలల తరబడి జరిగినచో టోలుయీను మెదడులోని నరములపై నుండు రక్షణపు పొరను చెఱచును. విద్యుత్తు తీగపై రబ్బరు తొడుగు ఊడినట్లు అగును. జ్ఞాపకము తగ్గును, దృష్టి ఒకచోట నిలువదు, నడక తడబడును. కొన్ని జిగురులలో నుండు హెక్సేను కాలుసేతుల నరములను దెబ్బతీసి తిమ్మిరిని, బలహీనతను కలిగించును. మూత్రపిండములు, కాలేయము, వినికిడి సయితము చెడవచ్చును.

ఇంతకంటె ఘోరమైనది ఆకస్మిక మరణము. 1970లో మిల్లార్డ్ బాస్ అను అమెరికా వైద్యుడు ఇట్టి మరణములను 110 వఱకు సేకరించి ప్రకటించెను. ఈ ఆవిరులు గుండెను ఒక విచిత్రమైన స్థితికి తెచ్చును. భయము కలిగినపుడును, పరుగెత్తినపుడును మన శరీరమున అడ్రినలిను అను ద్రవ్యము ఊరును. ఆరోగ్యవంతుని గుండె దానిచే కొంచెము వేగముగా కొట్టుకొని మరల కుదుటపడును. ఆవిరి పీల్చిన గుండె అట్లు కుదుటపడక, లయ తప్పి ఆగిపోవచ్చును. అనగా, పీల్చుచున్న పిల్లవానిని తండ్రి చూచి, గద్దించి, కఱ్ఱ పట్టుకొని వెంటబడినచో, ఆ గద్దింపే, ఆ పరుగే వాని ప్రాణములకు ముప్పు కావచ్చును. నేటి నా ఉపన్యాసమంతయు మఱచినను ఈ యొక్క మాటను మఱవవలదని ప్రార్థించుచున్నాను.

ఇది మన యిండ్ల మాట కాదనియు, రైలుస్టేషనులలో తిరుగు దిక్కులేని పిల్లల మాటయనియు కొందఱు తలంతురు. ఆ పిల్లలు ఆకలిని, చలిని మఱచుటకు దీనిని పీల్చుచున్నమాట నిజమే. వారును పిల్లలే, వారి బాధ్యతయు సమాజముదే. కాని వైట్‌నరు సీసా ఎవరి పెట్టెలో నుండును? చదువుకొను పిల్లవాని పెట్టెలోనే గదా! కేంద్ర సాంఘికన్యాయ మంత్రిత్వశాఖ పక్షమున ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు జరపి, 2019లో ప్రకటించిన జాతీయ సర్వేక్షణమున ఒక సంగతి వెల్లడియైనది. మద్యము, గంజాయి మొదలగు మత్తులన్నిటియందును పెద్దలే అధికులు. ఈ ఆవిరుల విషయమున మాత్రము లెక్క తలక్రిందులైనది. పెద్దలలో 0.58 శాతము మంది వాడుచుండగా, పదునెనిమిదేండ్లలోపు వారిలో 1.17 శాతము మంది వాడుచున్నారు. సహాయము అవసరమగునంతగా చిక్కుకొన్న బాలబాలికలు దేశమున 4 లక్షల 60 వేల మంది యని అంచనా. ఇన్ని లక్షల పిల్లలలో మన కులమువారు ఒక్కరును లేరని ఏ ధైర్యముతో చెప్పగలము?

నేనెఱిగిన కుటుంబము నొకదానిని ఉదాహరించెదను. ఊరు, పేరు చెప్పను. ఎనిమిదవ తరగతి చదువు పిల్లవాడు, కలిగిన యిల్లు, తండ్రి కోపిష్ఠి, కాని ధర్మపరుడు. పిల్లవాని కన్నులు ఎఱ్ఱబడి ముక్కు కారుచుండగా తల్లి జలుబనుకొనెను. తరగతిలో తూగుచుండగా ఉపాధ్యాయులు సోమరితనమనుకొనిరి. నాయనమ్మ మాత్రము దుప్పటి సరిచేయుచు, వాని చొక్కాకు రంగులంగడి వాసన వచ్చుచున్నదని కనిపెట్టెను. దిండు క్రింద చిన్న సీసాయు, తడిసిన గుడ్డయు దొరకినవి. తండ్రి బెత్తము తీసికొనెను. ముసలమ్మ అడ్డమునిలిచి, "బిడ్డ బావిగట్టు మీంచి పడితే ముందు దెబ్బ చూస్తాం గాని, ఎందుకు పడ్డావని కొడతామట్రా?" అనెనట. ఆ రాత్రి ఆమె వాని ప్రక్కనే కూర్చుండెను. మఱునాడు తండ్రి నాయొద్దకు వచ్చెను. ఇరువురమును కలిసి పిల్లవానిని వైద్యుని కడకు తీసికొనిపోయితిమి. చాలకాలము పట్టినది, మధ్యలో రెండుసారులు జాఱినాడు కూడ. నేడు అతడు ఉద్యోగము చేసికొనుచు, తల్లిదండ్రులను పోషించుచున్నాడు. ఆ ముసలమ్మ బడి ముఖము చూడనిది. గుండె, అడ్రినలిను అను మాటలు ఆమె యెఱుగదు. అయినను ఆమె చేసినది వైద్యశాస్త్రసమ్మతమైన పని.

ఇక గుర్తించుట యెట్లో చెప్పెదను. మొదటిది వాసన: ఊపిరియందును, బట్టలయందును, పడకగదియందును రంగు, పెట్రోలు, జిగురు వాసన. రెండవది మఱకలు: వ్రేళ్ళమీదను, చొక్కా చేతులమీదను, మూతిమీదను తెల్లని మఱకలు గాని, రంగు గాని. మూడవది ముఖము: నోటిచుట్టును ముక్కుచుట్టును పొక్కులు, ఎఱ్ఱని దద్దు, నీరు కారు కన్నులు, విడువని జలుబు. నాలుగవది నడవడి: తాగినవానివలె మాట ముద్దగుట, అడుగు తడబడుట, కారణములేని నవ్వు, వెంటనే చిఱాకు, తలనొప్పి, అన్నముమీద అయిష్టము. అయిదవది వస్తువులు: ఇంటిలో జిగురు, థిన్నరు త్వరత్వరగా అయిపోవుట, ఖాళీ ట్యూబులును, వాసనగల గుడ్డలును, ప్లాస్టికు సంచులును దాచినచోట కనబడుట. ఆఱవది జీవితము: పాతస్నేహితులను విడుచుట, ఆటలపై విరక్తి, మార్కులు హఠాత్తుగా పడిపోవుట, స్నానపుగదిలోను మేడమీదను ఎక్కువసేపు ఒంటరిగా నుండుట.

కాని ఒక్క గుర్తును చూచి తీర్పు చెప్పరాదు. జలుబు జలుబే కావచ్చును. బొమ్మలువేయు పిల్లవానికి రంగు మఱకలుండును. సైకిలుదుకాణమున తండ్రికి సాయపడు పిల్లవానికి సొల్యూషను వాసన వచ్చును. గుర్తులు రెండుమూడు కలిసి, కొన్నాళ్ళు నిలిచినపుడు అనుమానింపవలయును. అనుమానము కలిగినపుడు విచారింపవలయును. విచారణ వేఱు, నేరారోపణ వేఱు.

పీల్చుచుండగానే కనబడినచో ఏమి చేయవలయును? కేకలు వేయరాదు. వెంటబడరాదు. చేతిలోని సీసాను పెనుగులాడి లాగుకొనరాదు. మెల్లని గొంతుతో పేరుపెట్టి పిలిచి, తలుపులు కిటికీలు తెఱచి, గాలి తగులునట్లు కూర్చుండబెట్టవలయును. దీపము, అగరువత్తి, సిగరెట్టు, పొయ్యి దరిదాపుల నుండరాదు. ఈ ఆవిరులు నిప్పంటుకొనును. పరుగెత్తింపరాదు, మెట్లెక్కింపరాదు. మజ్జిగ, నిమ్మరసము, కాఫీ త్రాగింపవలదు, వాంతి చేయింపవలదు. తెలివిలేక ఊపిరి మాత్రము ఆడుచున్నచో ప్రక్కకు తిరుగునట్లు పరుండబెట్టి, 108కి ఫోను చేయవలయును. ఊపిరి ఆగినచో 108 వారు చెప్పినట్లు ఱొమ్ము నడుమ బలముగా, వేగముగా ఒత్తుచుండవలయును. పీల్చిన సీసానో ట్యూబునో వైద్యునికి చూపుటకై భద్రపఱుపవలయును. మైకము దిగిపోయినను ఆ పూటంతయు వానిని ఒంటరిగా విడువరాదు.

మాటలాడుటకు సమయము అది కాదు. మైకము పూర్తిగా దిగి, వాడు తిని, నిద్రించి లేచిన పిదప, తల్లిదండ్రులలో వానికి చేరువయైనవారు ఒంటిగా కూర్చుండి అడుగవలయును. "ఎందుకిట్లు చేసితివి?" అని కాక, "నీకేమి కష్టము వచ్చినది?" అని మొదలిడుట మేలు. పరీక్షలో తప్పుట, బడిలో పెద్దపిల్లల వేధింపు, ఇంట తగవులు, స్నేహితుల యెదుట పిఱికివాడనిపించుకొనరాదను తలంపు, లేక వట్టి కుతూహలము – కారణము వీనిలో ఏదైనను కావచ్చును. అయిదేండ్ల వఱకు లాలించి, పిదప పదేండ్లు దండించి, పదునాఱవయేట మిత్రునివలె చూడవలయునను నీతిని మనలో పలువురు ఉదాహరింతురు. వారికి నడిమిమాట గుర్తుండును గాని చివరిమాట గుర్తుండదు. ఈ వ్యసనము సోకు వయస్సు సరిగా ఆ మిత్రత్వపు గడపకడ నున్నది. దండనముతో దాటింప జూచినచో బిడ్డ ఆవలికి పోడు, చాటునకు పోవును.

మఱియొక మనవి. నేను మొదట చెప్పిన సప్తవ్యసనములను మరల లెక్కించుడు. పిల్లవాడు చేసినది ఆ పట్టికలో లేదు. కోపముతో మనము చేయునవి మాత్రము రెండు అందులో నున్నవి: పరుషవాక్యము, కఠినదండనము. సంస్కృతమున వ్యసనమనగా శ్రేయస్సునుండి త్రోసివేయునదని అర్థము. దురలవాటునకును, ఆపదకును అదియొకటే పేరు. పిల్లవాని వ్యసనమును మొదట ఆపదగా చూచినవాడే తరువాత దానిని అలవాటుగా మాన్పింపగలడు.

తరువాత వైద్యము. దీనిని ఒక్కసారిగా మాన్పింపగల మాత్ర యేదియు లేదు. దైవదర్శనము చేయించి, ప్రమాణము చేయించి చాలునని యూరకుండరాదు. మానసికవైద్యుని సలహా, క్రమముగా సంభాషణ, ఇంటివారి తోడు, బడివారి సహనము – ఇవియే ఔషధములు. మానిన తొలిదినములలో చిఱాకు, నిద్రలేమి, చేతివణకు కలుగవచ్చును. అది మొండితనము కాదు. మెదడునకు కలిగిన చెఱుపులో కొంత మానినపిదప క్రమముగా సరియగును, కొంత సరికాదు. కావున త్వరపడిన కొలది లాభము. తెలుగుదేశమున హైదరాబాదు ఎఱ్ఱగడ్డయందును, విశాఖపట్టణమునందును ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. ఇల్లు కదలకయే అడుగదలచినచో, 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ వారి 14416 సంఖ్యకును, మత్తు విడిపించు విషయమున 14446 సంఖ్యకును, పిల్లల రక్షణకై 1098 సంఖ్యకును ఉచితముగా ఫోను చేయవచ్చును.

పిల్లలకు దీనిని గూర్చి చెప్పుటయందును మెలకువ కావలయును. అమెరికాలో 1959 ప్రాంతమున కొన్నియూళ్ళ పిల్లలు జిగురు పీల్చుచున్నారని పత్రికలు పెద్ద అక్షరములతో, పీల్చు విధానముతో సహా ప్రకటించెను. ఆ ప్రచారమే తెలియని యూళ్ళ పిల్లలకు తెలియజెప్పి అలవాటును దేశమంతట వ్యాపింపజేసినదని ఎడ్వర్డ్ బ్రెచర్ అను రచయిత 1972లో ప్రకటించిన గ్రంథమున విమర్శించెను. కావుననే నేను నేడు విధానమును గూర్చి ఒక్క మాటయు చెప్పలేదు. దీనికి మాఱుగా, బ్రిటను దేశమున 1990లో ఇట్టి మరణములు 150కి పైబడగా, 1992లో ప్రభుత్వమువారు పిల్లలను కాక తల్లిదండ్రులను ఉద్దేశించి టెలివిజనులో ప్రచారము చేసిరి. తదనంతరము మరణములు గణనీయముగా తగ్గినవి. ఈ రెండుదేశముల అనుభవమును కలిపి చూచినచో మన మార్గము స్పష్టము: బహిరంగముగా చెప్పవలసినది పెద్దలకు, పిల్లలకు చెప్పవలసినది ఇంట, మెల్లగా, "ఇది ఆట కాదు, ఇది విషము, ఎవ్వరైనను నీకిచ్చినచో భయపడక నాతో చెప్పుము" అనునంతవఱకే.

మన పోషకులలో వర్తకులు అనేకులున్నారు. పుస్తకముల యంగళ్ళు, రంగుల దుకాణములు, ఇనుపసామాను కొట్లు నడపువారు ఈ సభలోనే యున్నారు. మాదకద్రవ్యములను గూర్చి 1985లో చేసిన చట్టము గంజాయిని, నల్లమందును పట్టుకొనును గాని జిగురుట్యూబును పట్టుకొనదు. సీసాలలో వచ్చు వైట్‌నరును, దాని పలుచని ద్రవమును చిల్లరగా అమ్మరాదనియు, కలముల రూపమున కొలదిగా మాత్రమే ఉండవలయుననియు 2012లో కేంద్రప్రభుత్వము కట్టడి చేసినది. కాని చట్టము అంగడి గుమ్మమువఱకే వచ్చును. గల్లాపెట్టెకడ కూర్చున్నవాడు వర్తకుడే. ఒంటరిగా వచ్చి, ఒకే వారమున మూడుసారులు సొల్యూషనో థిన్నరో అడుగు పిల్లవానికి సరకు ఇయ్యక, "మీ నాన్నగారిని పంపుము" అని చెప్పుటకు ఏ చట్టము కావలయును? పోవు లాభము కొలది రూపాయలు. దక్కునది ఒక కుటుంబము.

ఇక సంఘమునకు నా విన్నపములు మూడు. ఒకటి: మన విద్యార్థివసతిగృహమున ఈ వ్యసనము బయటపడిన పిల్లవానిని వెంటనే వెళ్ళగొట్టు ఆచారమును మాని, వైద్యసహాయము చేయించి, విద్యావేతనమును నిలుపక కాపాడవలయును. వెళ్ళగొట్టబడిన పిల్లవాడు ఇంటికి పోవునని మనము తలంతుము; అనేకులు వీధికే పోవుదురు. రెండు: మన సంఘమున వైద్యులైనవారు నెలకొకనాడు తల్లిదండ్రులు రహస్యముగా వచ్చి సలహా పొందుటకు ఒక గంట కేటాయింపవలయును. మూడవది అన్నిటికంటె కష్టమైనది. ఇట్టి సంగతి ఒక యింట తెలిసినపుడు దానిని సంబంధముల వేళ ఎత్తి చెప్పుకొనరాదు. తల్లిదండ్రులు వైద్యుని యొద్దకు పోక దాచుటకు ముఖ్యకారణము మత్తు కాదు, మనమే. "నలుగురు ఏమందురో" అను భయమున తలుపు మూసికొందురు. మూసిన గదిలోనే ఆవిరి మఱింత చిక్కనగును. కులగౌరవము దాచుటలో లేదు. ఆపదలోనున్న బిడ్డను నలుగురును కలిసి గట్టెక్కించుటలో నున్నది. ఆ పనికే గదా పెద్దలు ఈ సంఘమును స్థాపించినది!

 నేటి రాత్రి ఇండ్లకు చేరినపిదప ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు బిడ్డను దగ్గఱకు పిలిచి, మార్కుల మాట ఎత్తక, ఒక్క పావుగంట వాని మాట వినినచో నా శ్రమ ఫలించినట్లే. మన పిల్లలు ఆయురారోగ్యములతో, నిర్మలమైన మేధతో వర్ధిల్లుదురు గాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.